పెద్దమ్మ పొద్దు, పెద్దనాన్న పొద్దు

పిల్లలూ, సంక్రాంతి సెలవులనగానే మీకు భోగిమంటా, అరిసెలూ, కొత్త బట్టలూ గుర్తుకు వస్తాయి గదా! ఈసారి నేను చెప్పబోయేది కొత్త బట్టలను గురించే. అయితే వాటిని కట్టుకునేవాళ్ళను గురించి కాదు, వాటిని తయారు చేసేవాళ్ళను గురించి. అందులోనూ ఊరందరి సంగతీ చెప్పను. ఒకే ఒక్క భార్యాభర్తలు, మా పెద్దమ్మా పెద్దనాన్నా, పండుగ ముందరి నెలరోజులూ ఎలా గడిపేవారో చెబుతాను. మధ్యలో కాస్త లెక్కలూ, కాస్త ఆకాశమూ వస్తాయి. భయపడకండి, లెక్కలు చిన్నవే.

శ్రీకాకుళం జిల్లాలో పొందూరు అని ఒక ఊరుంది. విజయనగరంలో శ్రీకాకుళం వైపు వెళ్ళే రైలెక్కితే, చీపురుపల్లి దాటిన తరవాత ఆ స్టేషను వస్తుంది. అక్కడి సన్నఖద్దరుకు దేశమంతటా పేరు. గాంధీగారు ఆ నూలు సంగతి విని, అది ఎలా వడుకుతారో చూసి రమ్మని తమ కొడుకు దేవదాసు గాంధీని ఆ ఊరికి పంపారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1949లో, అక్కడ ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మిక అభివృద్ధి సంఘం ఏర్పడింది. ఊళ్ళో ఆడవాళ్ళు రాట్నం మీద నూలు వడికితే, మగవాళ్ళు మగ్గం మీద నేస్తారు. మా పెద్దమ్మ వడికేది, పెద్దనాన్న నేసేవాడు. వాళ్ళది మేనరికం. అంచేత పెద్దమ్మ ఆయనను 'బావా' అని పిలిచేది. ఆయన మాత్రం ఆమెను 'ఇదిగో' అనేవాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన నోట మరో పిలుపు విన్నవాళ్ళు లేరు.

నేను నాలుగో తరగతి వాళ్ళింట్లో ఉండి చదివాను. మా నాన్నకు నడిమధ్యలో దూరపు బదిలీ అయింది గనక, ఆ ఏడాదికి నన్ను అక్కడ దింపి వెళ్ళారు. నాకు అప్పగించిన పని కండెలు చుట్టడం. కండె అంటే, నాడెలో పెట్టే చిన్న గొట్టానికి చుట్టిన నూలు. మా వైపు చిన్నపిల్లవాణ్ణి 'గుంటడు' అంటారు. పెద్దనాన్న కూర్చునేది నేలలో తవ్విన గుంట మగ్గం. "గుంటలో ఒకడు, గట్టుమీద ఒక గుంటడు" అని పెద్దమ్మ నవ్వేది.

ముందు పెద్దమ్మ పని చెబుతాను, ఎందుకంటే అసలు వింతంతా అక్కడ ఉంది. పొందూరు వాళ్ళు వాడే పత్తి మన జిల్లాల్లో పండేదే: కొండపత్తి, ఎర్రపత్తి అంటారు. దాని పోగు పొట్టిది. మిల్లువాడు చూస్తే పనికిరాదని పక్కన పెడతాడు. ఆ పొట్టిపోగునే పెద్దమ్మ తలవెంట్రుకంత సన్నగా వడికేది. ఎలాగంటారా? ఒక చేప సహాయంతో!

వాలుగ అని ఒక చేప ఉంది. పెద్దది, వేటాడి తినే జాతి. దాని దవడలో సన్నని పళ్ళు, ఒకటీ రెండూ కాదు, బోలెడు, బారులుగా ఉంటాయి. ఎండిన ఆ దవడ ఎముకను గోదావరి వైపు నుంచి తెప్పించుకుంటారు. గింజలు ఇంకా తియ్యని పత్తిని కొద్దికొద్దిగా పట్టుకుని ఆ పళ్ళతో దువ్వుతారు. దీన్నే ఏకడం అంటారు. ఆకుముక్కా, నలుసూ రాలిపోతాయి, పోగులన్నీ ఒకవైపుకు తిరిగి జుట్టు దువ్వినట్టు నిలబడతాయి. "ఇనప దువ్వెనతో చెయ్యొచ్చు గదా?" అని ఒకసారి అడిగాను. "ఇనప దువ్వెనకు జాలి ఉండదురా" అంది పెద్దమ్మ. పోగు తెగిపోతుందని ఆమె భావం. ఆ తరవాత పత్తిని ఒక చెక్కమీద పెట్టి, ఇనపకడ్డీ దొర్లించి గింజలు తీస్తారు. చిన్న వింటితో కొడితే దూది పొగలా లేస్తుంది. దాన్ని చుట్టి ఏకులు చేస్తారు. పెద్దమ్మ ఆ ఏకును ఎండిన అరటిదొప్ప ముక్కలో పెట్టి పట్టుకునేది, చేతి చెమట తగలకుండా. అప్పుడు రాట్నం: పెద్ద చక్రం, ఒకే ఒక కదురు. ఇంతవరకూ అయితే ఇంకా దారం మొదలే కాలేదన్నమాట!

ఇక లెక్క. నూలు సన్నదనాన్ని 'కౌంటు'తో చెబుతారు. నూరు కౌంటు నూలు అంటే, ఒక పౌను బరువులో, అనగా సుమారు 454 గ్రాములలో, 840 గజాల చిలపలు నూరు ఉండాలి. గుణించి చూడండి: 84,000 గజాలు. కిలోమీటర్లలో దాదాపు 77. శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా రోడ్డు పొడుగునా పరిచినా ఇంకా కొంత మిగులుతుంది. అంతా కలిపి అరకిలో బరువు లేదు!

ఇప్పుడు ఒక పంచె తీసుకుందాం. నాలుగు మీటర్ల పొడుగు, యాభై అంగుళాల వెడల్పు, అంగుళానికి అరవై పోగులు అనుకుందాం. నిలువు పోగులను పడుగు అంటారు. అవి 3,000. ఒక్కొక్కటి నాలుగు మీటర్లు. మొత్తం 12 కిలోమీటర్లు. అడ్డపోగులను పేక అంటారు. అదీ దగ్గర దగ్గర అంతే అవుతుంది. ఒక పంచెలో 24 కిలోమీటర్ల దారం! తూచితే నూట నలభై గ్రాముల చిల్లర. ఖాదీలో ఒక చిలపకు వెయ్యి మీటర్లు గనక, పంచెకు 24 చిలపలు కావాలి. పెద్దమ్మ రోజంతా కదలకుండా కూర్చుంటే రెండు చిలపలు వడికేది.

ఈ లెక్క అంతా ఎందుకు చెప్పానో వినండి.

మా ఉత్తరాంధ్రలో సంక్రాంతిని పెద్ద పండుగ అంటారు. అది పెద్దల పండుగ కూడా. చనిపోయిన తాతలకూ, అవ్వలకూ ఆ రోజు కొత్త బట్టలు పెట్టి, వండినవన్నీ నివేదించి, తరవాత ఆ బట్టలను ఇంట్లో వాళ్ళు కట్టుకుంటారు. మా తాతగారు కూడా నేతపని చేసినవారే. ఆయనకు ఏటా ఇంట్లో వడికి, ఇంట్లో నేసిన పంచె పెట్టడం వాళ్ళ ఆనవాయితీ. ఎంత బీదరికంలోనూ అది తప్పలేదట. పడుగు నూలు పెద్దమ్మ ఏడాది పొడుగునా కొంచెం కొంచెంగా మిగిల్చి ఉంచేది. పేక నూలు మటుకు ధనుర్మాసంలో వడికేది. పగలంతా సంఘానికి ఇచ్చే నూలు పని. సాయంకాలం నాలుగు దాటాక, దీపాలు పెట్టేలోగా, తాతగారి చిలప. అలా రోజుకు అర చిలప. 12 చిలపలకు 24 సాయంకాలాలు. నెలగంట పెట్టేది డిసెంబరు 16 ప్రాంతంలో. అక్కడినుంచి భోగి దాకా 29 రోజులు. అయిదు రోజులు చేతిలో ఉన్నాయన్నమాట.

కాని ఆ ఏడు పెద్దమ్మ కుడికంటిలో పొర మొదలయింది. మన కంట్లో నల్లగుడ్డు వెనక, గాజులా తేటగా ఉండే ఒక బిళ్ళ ఉంటుంది. వయసు మీరినకొద్దీ అది గంజినీళ్ళలా మసకబారవచ్చు. దాన్నే శుక్లం అంటారు. ఇంట్లో కరెంటు దీపం ఉండేది గాని, ఆ పచ్చని వెలుతురులో పోగు రెండుగా కనిపిస్తోందని ఆమె ఊరుకునేది. పగటి వెలుగు ఎంతసేపు ఉంటే అంతసేపే పని.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. పెద్దనాన్న అడగనూలేదు. అయినా ఆయనకు తెలిసింది. ఎలా తెలిసిందంటే, చప్పుడునుబట్టి. రాట్నం వసారాలో, మగ్గం లోపలి గదిలో. మధ్య ఒక మట్టిగోడ. పోగు తెగితే రాట్నం ఆగుతుంది, అతికాక మళ్ళీ మోగుతుంది. ఆగడాలు ఎక్కువయ్యాయని గోడకు ఇవతల కూర్చున్న ఆయన కనిపెట్టాడు. ఒకనాడు శ్రీకాకుళం వెళ్ళి, పాత గోనెసంచిలో ఏదో చుట్టి తెచ్చాడు. మర్నాడు నిచ్చెన వేసుకుని ఇంటికప్పు ఎక్కి, వసారా మీద ఒక మట్టిపెంకు తీసి, దాని స్థానంలో గాజుపెంకు పెట్టాడు. మీలో పెంకుటిళ్ళలో ఉన్నవాళ్ళు చూసే ఉంటారు. పలకంత వెలుగు నేలమీద పడింది.

"ఈ డబ్బెట్టి నువ్వు పండక్కి చొక్కా కుట్టించుకోవలసింది బావా" అని పెద్దమ్మ సాధించింది. ఆయన మాట్లాడలేదు. ఆ మధ్యాహ్నం చూస్తే, రాట్నం రెండు మూరలు జరిగి, ఆ వెలుగు పక్కకు వచ్చి కూర్చుంది.

ధనుర్మాసంలో ఆ ఇంటి పొద్దు ఎలా మొదలయ్యేదో చెప్పాలి. తెల్లవారుజామున మంచు. చలి అంటే విశాఖ మన్యంలో పడేంత చలి కాదనుకోండి, అయినా పళ్ళు టకటకమనేవి. పెద్దమ్మ పేడనీళ్ళు చల్లి, వీధిలో మూడింళ్ళ మేర ముగ్గు పెట్టేది, గొబ్బెమ్మలు నిలిపేది. సరిగ్గా అదే వేళకు పెద్దనాన్నకు అదే వీధి కావాలి! పడుగుకు గంజి పెట్టేది వీధిలోనే. పోగులను వీధి పొడుగునా చాచి, కర్రలమీద నిలబెట్టి, కుంచెతో గంజి పట్టిస్తారు. ఎండెక్కితే గంజి బిరుసెక్కిపోతుంది గనక, తెల్లవారుజామునే అయిపోవాలి. ఇరుగుపొరుగు మగవాళ్ళు నలుగురు సాయం వచ్చేవారు. వాళ్ళ కాళ్ళకింద ముగ్గు చెరిగిందో, పెద్దమ్మ చూపు చాలు! చివరికి వాళ్ళకొక ఒప్పందం కుదిరింది. వీధికి తూర్పుపక్క ఆమెది, పడమటిపక్క ఆయనది.

ఆ ఒప్పందం తెలియనివాళ్ళు ఇద్దరు వచ్చేవారు. ఒకరు హరిదాసు. తలమీద పాత్ర ఉంది గనక ఆయన వంగడు. పడుగు కిందనుంచి దూరడు. పడుగు తియ్యడం కుదరదు. అందరూ కలిసి ఒక చివర కర్ర పైకెత్తితే, ఆయన చిడతలు వాయించుకుంటూ రాజులా వెళ్ళిపోయేవాడు. రెండోది గంగిరెద్దు. దానికి గంజివాసన మహా ఇష్టం. అది సన్నాయి వెనకాల వస్తున్నదంటే, పెద్దనాన్న కుంచె పారేసి దోసెడు బియ్యంతో ఎదురు పరిగెత్తేవాడు. ఊళ్ళో వాళ్ళు ఆయనకు గంగిరెద్దుమీద భక్తి ఎక్కువని చెప్పుకునేవారు.

తరవాత ఆయన గుంటలోకి దిగేవాడు. మగ్గాన్ని గుంటలో ఎందుకు పెడతారో తెలుసా? కాళ్ళతో తొక్కే కర్రలకు చోటు కావాలనేది ఒక కారణం. నేలలో చెమ్మ ఉంటుందనేది రెండోది. నూలు చిత్రమైనది. ఉన్నీ, పట్టూ తడిస్తే బలం తగ్గుతాయి. నూలు తడిస్తే బలం పెరుగుతుంది. మంచు వదిలిపోయి పొడిగాలి కొట్టే మధ్యాహ్నాలలో పోగులు తెగుతాయి, గుంటలోని చెమ్మ కొంత కాస్తుంది. కనక ఆయన మంచి నేతంతా ఉదయమే. పెద్దమ్మ ఉదయాలు వంటకూ, చేపదవడకూ పోయేవి. ఆమె మంచి నూలు, తాతగారి నూలు, సాయంకాలమే.

ఇక్కడే వాళ్ళకు పోట్లాట వచ్చింది.

జనవరి మొదటివారంలో ఒక ఉదయం పెద్దనాన్న చేతులు రుద్దుకుంటూ, "పొద్దు ఇంకా తరుగుతూనే ఉంది. ఆరుంబావు దాటినా నాడె కానరావడం లేదు. పండగ దాటి ఉత్తరాయణం వస్తేగాని పెరగదు" అన్నాడు.

"ఏటి తరగడం?" అంది పెద్దమ్మ. "పది రోజులై పెరుగుతోంది. దీపం పెట్టేవేళకు నిన్న ఇంకో నాలుగు బారల నూలు వడికాను. నీకు తెలీదు బావా, ఊరుకో."

"నేను పొద్దుతో లేచేవాణ్ణి. నాకు తెలీదా?"

"నేను పొద్దుతో పాటు పని కట్టేసేదాన్ని. నాకు తెలీదా?"

రోజూ ఇదే. ఇద్దరూ పట్టు వదలరు. నాకు మహా సరదాగా ఉండేది. వాళ్ళు అన్నిసార్లు మాట్లాడుకోవడం నేనెప్పుడూ వినలేదు!

పిల్లలూ, ఎవరి మాట నిజం? ఆగి కాస్త ఆలోచించండి.

ఇద్దరి మాటా నిజమే. పొందూరులో నెలగంట నాడు, డిసెంబరు 16న, సూర్యుడు సుమారు 6 గంటల 20 నిమిషాలకు ఉదయించి, సాయంకాలం 5 గంటల 21 నిమిషాలకు అస్తమిస్తాడు. భోగి నాటికి ఉదయం సుమారు 6 గంటల 30 నిమిషాలు, అస్తమయం సుమారు 5 గంటల 37 నిమిషాలు. చూశారా? పెద్దనాన్న ఉదయం పది నిమిషాలు ఆలస్యమయింది. పెద్దమ్మ సాయంకాలం పదహారు నిమిషాలు పెరిగింది. పగలు రెండు చివరలా ఒకేసారి పెరగదు. ముందు సాయంకాలం పెరుగుతుంది, ఉదయం సంక్రాంతి దాటాక గాని మళ్ళదు.

ఎందుకిలా? మన గడియారం రోజుకు సరిగ్గా 24 గంటలు తిరుగుతుంది. సూర్యుడు మాత్రం ఒక నడినెత్తి నుంచి మరో నడినెత్తికి రావడానికి అన్ని రోజులూ అంతే సమయం తీసుకోడు. జనవరి మొదట్లో భూమి సూర్యుడికి అన్నిటికంటె దగ్గరగా ఉండి, వేగంగా పరుగెడుతుంది. దానికితోడు భూమి అక్షం వాలి ఉంది. ఈ రెండు కారణాలవల్ల డిసెంబరు చివర ప్రతిరోజూ మధ్యాహ్నం దాదాపు అరనిమిషం చొప్పున వెనక్కు జరుగుతుంది. పగలంతా ఒక చాప అనుకోండి. చాప పొడుగు కొంచెమే పెరుగుతోంది, కాని చాపనే సాయంకాలం వైపు లాగుతున్నారు. పొద్దుటి కొస తరిగినట్టూ, సాయంకాలపు కొస బాగా పెరిగినట్టూ కనిపిస్తుంది. ఇది నేను పెద్దయ్యాక పుస్తకాల్లో చదివాను. కాని వాళ్ళిద్దరూ గడియారం చూడకుండా, ఒకరు పొద్దున కొస పట్టుకుని, ఒకరు సాయంకాలం కొస పట్టుకుని కనిపెట్టారు.

అప్పుడు మటుకు ఈ తగువును తీర్చడానికి పెద్దనాన్న మరో దారి ఎంచాడు. ఆయనకు సూర్యుడు దక్షిణం వైపు ఎంత వాలితే, గాజుపెంకు వెలుగు అంత ఉత్తరంగా పడుతుందని తెలుసు. నెలగంట నాడే, మిట్టమధ్యాహ్నం వెలుగు పడిన చోట అంచుకు ఒక వెదురుపుల్ల నేలలో గుచ్చి ఉంచాడు. రెండు మూడు రోజులకొకటి చొప్పున గుచ్చుతూ వచ్చాడు. పెద్దమ్మ ఇల్లు అలికేటప్పుడు ఆ పుల్లల చుట్టూ అలకలేక తిట్టుకునేది, కాని ఒక్కటీ పీకలేదు. మొదటి వారమంతా పుల్లలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. డిసెంబరు 22 తరవాత వెలుగు వెనక్కు తిరిగింది. వారం తిరిగేసరికి రెండు వేళ్ళ మందం కూడా కదలలేదు. కాని భోగి నాటికి దాదాపు జానెడు జరిగిపోయింది.

అంటే సూర్యుడు ఉత్తరం వైపు తిరిగింది పండుగ నాడు కాదు, మూడు వారాలు ముందే! పెద్దనాన్న చాలాసేపు ఆ పుల్లలకేసి చూశాడు. "సూర్యుడు నీ వైపు మాట్లాడుతున్నాడే" అన్నాడు చివరికి.

మరి సంక్రాంతిని ఉత్తరాయణ పుణ్యకాలం అనడం ఎందుకని మీరు అడుగుతారు. భూమి బొంగరంలా తిరుగుతోంది గదా, ఆగబోయే బొంగరం తల ఊపినట్టు భూమి అక్షం కూడా మెల్లగా తల తిప్పుతుంది. ఒక్క చుట్టుకు సుమారు 26,000 ఏళ్ళు పడుతుంది. మన సంక్రాంతిని నక్షత్రాలనుబట్టి లెక్కిస్తారు. ఈ తల ఊపువల్ల నక్షత్రాల లెక్కకూ, సూర్యుడు నిజంగా మళ్ళే రోజుకూ సుమారు 72 ఏళ్ళకు ఒక రోజు చొప్పున ఎడం పెరుగుతుంది. వెనక్కు లెక్క కట్టుకుంటూ పోతే, సుమారు 1,700 ఏళ్ళ కిందట రెండూ ఒకే రోజున వచ్చాయి.

మళ్ళీ పంచె దగ్గరికి వద్దాం. జనవరి మొదట్లో ఆ పడుగు మగ్గం ఎక్కింది. ఆమె కదురు ముందు, ఆయన నాడె వెనక. మొదట ఆమెకు చాలా చిలపలు ముందున్నాయి. అరిసెల పాకానికి రెండు సాయంకాలాలు పోయాయి, మబ్బువల్ల ఇంకో మూడు. కన్ను సరిగా లేనందువల్ల మిగతా రోజుల్లోనూ అర చిలప సాగలేదు. పదో తారీకుకు నాడె కదురును అందుకుంది. ఇక నేను కండె చుట్టడమూ, ఆయన దాన్ని నేసెయ్యడమూ, మగ్గం ఆగిపోవడమూ. ఆగినప్పుడు ఆయన "నూలేదీ?" అని అడగడు. గుంటలోనే మెదలకుండా కూర్చుంటాడు. గోడకు అవతల రాట్నం మరికొంత వేగంగా మోగుతుంది. నాకు భయంగా ఉండేది, ఈ ఏడు తాతగారికి పంచె లేకుండా పోతుందేమోనని. బజారులో కొనవచ్చు గదా అనే మాట అనడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

భోగినాడు తెల్లవారుజామున మంట అయింది. పిడకల దండలు వేశాం, తలంట్లయ్యాయి. పెద్దమ్మ మధ్యాహ్నానికే వంటిల్లు మా అత్తకు అప్పగించి, రాట్నం ముందు కూర్చుంది. ఒక అర చిలపకు ఇంకా కొంచెం ఎక్కువే మిగిలింది. మంట పొగకు ఆమె కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. కాసేపయ్యాక చూస్తే కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోతోందేమో అనుకున్నాను. కాని చెయ్యి ఆడుతోంది, పోగు సాగుతోంది. "కంటితో అయితే తెగుతోందిరా, వేళ్ళతో అయితే తెలుస్తోంది" అంది. నెలగంట నాటి వెలుగు అయితే ఎప్పుడో పోయేదే. ఆ పెరిగిన పదహారు నిమిషాలూ ఆమె వదలలేదు. ఆఖరి కండె నేను చుట్టి ఇచ్చేసరికి గూటికి చేరే కాకుల గోల కూడా సద్దుమణిగింది.

పంచె రాత్రి తొమ్మిదికి మగ్గం దిగింది. పెద్దనాన్న దాన్ని దీపం దగ్గర పరిచి, బొటనవేలితో కొస దాకా తడిమాడు. ఆఖరు జానెడు మేర పోగు కాస్త లావుగా ఉంది. చూపుకు తెలియదు, వేలికి తెలుస్తుంది. ఆయన వేలు అక్కడ ఆగింది. పెద్దమ్మ ఆయన మొహంకేసే చూస్తోంది. ఆయన ఏమీ అనకుండా మడతపెట్టి, పసుపు బొట్టు పెట్టమని ఆమె చేతికిచ్చాడు. మర్నాడు తాతగారికి పెట్టిన తరవాత ఆయనే దాన్ని కట్టుకున్నాడు. లావు పోగు ఉన్న కొసనే కుచ్చెళ్ళు పోసి ముందుకు దోపుకున్నాడు. ఊరంతా తిరిగాడు.

కనుమ నాడు మినపగారెలు తిన్నాం. ముక్కనుమ నాడు పెద్దనాన్న, "ఇదిగో, ఎండలు ముదరకముందే విశాఖపట్నం వెళ్ళి కన్ను చూపించుకొద్దాం" అన్నాడు, వాకిట్లో ఎవరితోనో అన్నట్టు. ఫాల్గుణంలో వెళ్ళారు. కత్తివైద్యం బాగానే జరిగింది. ఆ నెలరోజులూ ఆయనే వండాడు. ఉప్పు ఎక్కువో తక్కువో, మేము నోరు మెదపకుండా తిన్నాం. మగ్గం నెలరోజులు మూగబోయింది. పెద్దమ్మ కట్టు విప్పాక మొదట చూసింది గాజుపెంకునట. "దుమ్ము పట్టింది, తుడవలేదు" అన్నదట.

ఇప్పుడు వాళ్ళు బాగా ముసలివాళ్ళయిపోయారు. ఆయన గుంట దిగి ఏళ్ళయింది. పొందూరులో వడికే చేతులు తగ్గిపోయాయి. ఉన్నవాళ్ళలో ఎక్కువమంది పెద్దవయసు ఆడవాళ్ళే. రోజంతా వడికినదానికన్నా కూలికి వెళితే ఎక్కువ డబ్బు వస్తుంది. ఇక పిల్లలు ఎందుకు నేర్చుకుంటారు? నేర్చుకోలేదని వాళ్ళను నేనైతే తప్పుపట్టను. కాని వాలుగ చేపకు అన్ని పళ్ళున్నాయని తెలిసినవాళ్ళు మాత్రం తక్కువైపోతారు.

మొన్నటి సంక్రాంతికి వెళ్ళినప్పుడు వాళ్ళకు ఒక లెక్క చెప్పాను. మీరూ వేసి చూడండి. శ్రీకాకుళం పక్కనే అరసవల్లిలో సూర్యనారాయణస్వామి ఆలయం ఉంది. అక్కడ ఏడాదికి రెండుసార్లు, అక్టోబరు 1, 2 తేదీల ప్రాంతంలోనూ, మార్చి 9, 10 తేదీల ప్రాంతంలోనూ, ఉదయకిరణాలు నేరుగా స్వామి పాదాలమీద పడతాయి. దక్షిణానికి పోతూ ఒకసారి, తిరిగి వస్తూ ఒకసారి సూర్యుడు అదే చోట ఉదయిస్తాడన్నమాట. అక్టోబరు 2 నుంచి డిసెంబరు 21కి 80 రోజులు. డిసెంబరు 21 నుంచి మార్చి 10కి 79 రోజులు. సరిగ్గా మధ్యలో ఉన్నది డిసెంబరు 21, సంక్రాంతి కాదు. మన వసారాలో వెదురుపుల్లలు చెప్పినదే ఆ గుడి కూడా చెబుతోందన్నమాట.

పెద్దనాన్న వేళ్ళమీద లెక్కపెట్టుకుని, "అయితే ఇన్నాళ్ళూ పండగ ఆలస్యంగా చేస్తున్నామంటావా? మరి ఎప్పుడు చెయ్యాలి?" అన్నాడు.

పెద్దమ్మ చాటలో బియ్యం చెరుగుతోంది. తల ఎత్తకుండానే అంది: "డిసెంబరులో చేస్తే కొత్త బియ్యం ఎక్కడివి బావా, అరిసెలకు?"